మర్ఫీకి చిక్కం

ఎండాకాలం అంటే మా ఊళ్ళో గొడ్లకి డొక్కలు లోపలికి పోయే కాలం. ఐర్లండులో ఎండాకాలం అంటే గుర్రాలు బలిసి ప్రాణం మీదికి తెచ్చుకునే కాలం. ఈ సంగతి నోరా చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నోరా మాకు ఇల్లు అద్దెకిచ్చిన ముసలావిడ. మెయ్‌నూత్ దాటాక పాత కాలువ పక్కన ఆవిడ ఇల్లు. దాని వెనక, ఒకప్పటి ధాన్యపు కొట్టుని బాగుచేసి కట్టిన చిన్న ఇంట్లో మేము ముగ్గురం: నేను, మా ఆయన రాజ్‌కిరణ్, హైస్కూలుకి వెళ్ళే మా అమ్మాయి నిఖిల. మా వంటింటి కిటికీ తెరిస్తే పచ్చిక పొలం, పొలంలో మర్ఫీ. మర్ఫీ బూడిద రంగు పోనీ, పొట్టి జాతి గుర్రం. నోరా మొగుడు చనిపోయే ముందు ఆఖరిసారి సంతకి వెళ్ళి కొనుక్కొచ్చిన జీవం అది. అందుకే ఆవిడ దాన్ని గుర్రం అనేది కాదు, ‘వాడు’ అనేది.

ఆ మే నెలలో నోరా తుంటి ఎముక మార్పించుకోవడానికి కిల్కెన్నీ వెళ్ళాల్సి వచ్చింది. ఆపరేషన్ తర్వాత వేసవంతా అక్కడే చెల్లెలింట్లో ఉండాలి. వెళ్ళేముందు నన్ను పొలంలోకి పిలిచి, నా అరచేయి పట్టుకుని మర్ఫీ పక్కటెముకల మీద ఆనించింది.

“ఏం తగులుతోంది లలీ?” లలితకుమారి అనడానికి నోరు తిరక్క ఆవిడ నన్ను అలా పిలిచేది.

“మెత్తగా ఉంది.”

“మెత్తగా ఉండకూడదు. ఎముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. ఇప్పుడు మెడ చూడు.”

జూలు కింద మెడ రోకలిలా బిగుసుకుని ఉంది. వేళ్ళతో అటూ ఇటూ ఊపబోతే ఊగలేదు.

“అదంతా కొవ్వు. పోయిన శరత్తులో వీడి గిట్టలు వాచి నిలబడలేకపోయాడు. పచ్చగడ్డిలో చక్కెర ఉంటుంది, ఒళ్ళు బలిసిన పోనీకి అది గిట్టల్లోకి దిగి మంట పుట్టిస్తుంది. మళ్ళీ ఒక్కసారి వాచాయంటే ఇక మందివ్వనని ఈఫా చెప్పేసింది. సూదే.” ఈఫా అంటే ఆ చుట్టుపక్కల గుర్రాల డాక్టరమ్మ. సూది అంటే ఏ సూదో నోరా చెప్పలేదు, నేను అడగలేదు.

“మీ మేనల్లుడు డెక్లన్ దగ్గర్లోనే ఉంటాడు కదా నోరా. నాకెందుకు అప్పజెపుతున్నారు?”

“డెక్లన్ నా పొలాన్ని చూస్తాడు. నా గుర్రాన్ని చూడడు. నువ్వు ఎడ్లున్న ఇంట్లో పుట్టానన్నావుగా.”

తర్వాత ఒక ప్లాస్టిక్ బుట్ట తెచ్చి చూపించింది. దాన్ని మర్ఫీ మూతికి తొడిగి చెవుల వెనక పట్టీ బిగించాలి. అడుగున ఉన్న చిన్న కంతలోంచి గడ్డి నాలుగు పోచలే అందుతాయి, కడుపు నిండదు. చూడగానే నాకు మా చేను కళ్ళముందుకొచ్చింది.

“దీన్ని మేము చిక్కం అంటాం.”

“చిక్-కమ్. మీ వైపు కూడా లావు గుర్రాలున్నాయా?”

“గుర్రాలు కాదు, ఎడ్లు. చేలో గుంటక తోలేటప్పుడు పైరు మీద మూతి పెట్టకుండా కడతాం. మాది తాళ్ళతో అల్లిన చిక్కం.”

“అయితే నీకు చెప్పాల్సిందేం లేదు” అంది నోరా. కానీ చెప్పాల్సింది చాలా ఉంది. కరెంటు దారం కంచెని పొద్దున్నే ఒక బారెడు మాత్రమే ముందుకు జరపాలి, ఆ బారెడు గడ్డే ఆ పూటకి మేత. ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి, తీపంతా దిగిపోయాక నీళ్ళు పిండేసి పెట్టాలి. రోజూ నడిపించాలి, చెమట పట్టేదాకా. ఆపిల్ కాదు కదా, ఆపిల్ తొక్క కూడా పెట్టకూడదు.

మా నాన్న వింటే ఏమనేవాడో. ఎద్దు డొక్క ఎండితే ఆయన కంచం ముందునించి లేచిపోయేవాడు. మా ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ళల్లో ఒక ఇంటి పరపతి ఆ ఇంటి ఎద్దు మూపురం మీద కనపడుతుంది. అలాంటి ఇంట్లో పుట్టి, ఎమ్మెస్సీ చదివి, పరాయి దేశంలో ఒకరి గుర్రాన్ని పస్తు పెట్టే పనికి ఒప్పుకున్నాను. ఒప్పుకున్న పని అడ్డదిడ్డంగా చేసే అలవాటు మాత్రం మా ఇంటా వంటా లేదు.

జూన్ అంతా కాలువ గట్టు మీద నేనూ మర్ఫీ. నిఖిల మధ్యాహ్నం పూట పొలంలో పొడినేల ఉన్న పక్క దాన్ని ఎక్కి దౌడు తీయించేది. సాయంత్రం ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచేది. పిల్ల మాట్లాడేదంతా ఇంగ్లీషే, నేను మాట్లాడేదంతా తెలుగే. మధ్యలో గుర్రం రెండూ వినేది.

“మామ్, టేప్ ఈజ్ లూజర్. ఐ స్వేర్.”

“ఒట్టు పెట్టమాకు. ఇంకోసారి కొలువు.”

కొలిస్తే నిజమే. ఫోటో తీసి కిల్కెన్నీకి పంపాం. మంచం మీదనించి నోరా పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి పంపింది. ఆ వయసులో ఆవిడకి అంతకన్నా చేతకాదు.

గట్టు మీద యూనివర్సిటీలో చదివే మన పిల్లలు కనపడేవాళ్ళు. వాళ్ళలో మైథిలి అని కరీంనగరం పిల్ల ఒకతి, నోరు ఊరుకోదు.

“ఆంటీ, గుర్రాన్ని మీరు నడిపిస్తున్నరా, మిమ్మల్ని గుర్రం నడిపిస్తున్నదా?”

“ఒకళ్ళ కొవ్వు ఒకళ్ళం కరిగించుకుంటున్నామమ్మా.”

“మీది ఏం కరగలేదు గని ఆంటీ, గుర్రం మాత్రం మస్తు బక్కగయింది.”

బక్కగయింది. మా ఊళ్ళో ఒకరి గొడ్డుని పట్టుకుని ఆ మాటంటే కొట్లాటే. నాకు మాత్రం దండ వేసినట్టయింది. ఆ రోజు మర్ఫీ మెడ పట్టుకుని ఊపితే, మొదటిసారి, కొద్దిగా ఊగింది.

ఆ వారంలోనే మా ఆయన పొద్దున పని తను చేస్తానన్నాడు. రాజ్‌కిరణ్ విజయవాడ మనిషి, ఆవుని బొమ్మల పుస్తకంలో చూసి పెరిగినవాడు. నన్ను వేళాకోళంగా ‘గొడ్లకాడి పిల్లా’ అని పిలిచేవాడు. ఉద్యోగం శాండీఫోర్డ్‌లో, వారంలో సగం రోజులు రైలూ లువాస్ ట్రామూ మారి వెళ్ళాలి. ఇంట్లో ఉన్న రోజుల్లోనూ లాప్‌టాప్ ముందునించి లేచేవాడు కాదు. అతనికి ఒకటే దిగులు, ఇల్లు. సొంత ఇల్లు దొరకదు, అద్దె ఇల్లు నిలవదు. ఎక్కడ ఇల్లు చూడ్డానికి పోయినా వీధి మలుపుదాకా వరస. ఆ వరసల్లో నిలబడీ నిలబడీ మనిషి లోపల ఏదో అరిగిపోయింది.

“పొద్దున్నే కంచె జరిపి, చిక్కం తొడగడమే గదా. నేను చేస్తాలే. నువ్వు కాసేపు పడుకో” అన్నాడు అన్నం తింటూ.

“మీకు గుర్రమంటే భయం గదా.”

“అలవాటైతే అదే పోద్ది. అవునే, మీ నాన్న బండలాగుడు పందేలకి ఎడ్లని తయారుచేసేవాడు గదా. ఏం పెట్టేవాడు?”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా నాన్న ఎడ్ల గురించి ఆయన అడగడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఉలవలు. ఉడకబెట్టి, నీళ్ళు మేము చారు కాచుకునేవాళ్ళం, గింజలు ఎడ్లకి పెట్టేవాళ్ళం. తీరిక లేకపోతే ఊరికే నానేసి పెట్టినా సరే. నెల తిరిగేసరికి ఎద్దు ఒంటిమీద ఈగ వాలితే జారేది. మెడ చూస్తే రెండు చేతులూ చాలవు.”

“అంత బలమా?”

“అంత కొవ్వు. పందెం ఎద్దుకి పెట్టినట్టు ఇంటెద్దుకి పెడితే కాళ్ళు పడిపోతయ్యని తిట్టేవాడు మా నాన్న.”

ఆయన తలూపి, ఇంకో గరిటె పప్పు వేసుకున్నాడు. మర్నాటినించి పొద్దున్నే పొలంలోకి వెళ్ళాడు. దుప్పటి కప్పుకుని కిటికీలోంచి చూసేదాన్ని. మంచులో మా ఆయన, ఆయన వెనక గుర్రం. ఇద్దరూ మచ్చిక అయిపోయారు. ఆయన గేటు దగ్గరికి వస్తే చాలు, మర్ఫీ పొలం ఆ చివరినించి వచ్చేసేది. మా సంసారంలో ఇంత చక్కటి కాలం రాలేదనుకున్నాను.

జూలైలో టేపు ఆగిపోయింది. తర్వాత వెనక్కి తిరిగింది. నిఖిల మళ్ళీ మళ్ళీ కొలిచింది. నేను మెడ పట్టుకుని చూశాను, మళ్ళీ రోకలి. కంచె జరిపేది బారెడు నుంచి మూరెడుకి తగ్గించమని రాజ్‌కి చెప్పాను. ఎండుగడ్డి ఇంకో పూట నానబెట్టాను. కాలువ గట్టు మీద చివరి వంతెన దాకా నడిపించాను. మైథిలి ఎదురొచ్చి జోకు వేయబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

ఈఫా వచ్చి చెయ్యి పెట్టి చూసింది. పొట్టి మనిషి, మాట కూడా పొట్టి.

“ఎవరో పెడుతున్నారు.”

“ఎవరూ లేరు. మేము ముగ్గురమే.”

“గట్టు మీద నడిచేవాళ్ళు?”

“గేటుకి తాళం ఉంది.”

“అయితే తాళంచెవి ఉన్నవాళ్ళెవరో పెడుతున్నారు” అని నవ్వింది. జోకనుకుని మేమూ నవ్వాం. రాజ్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. “ఈ దేశంలో గాలి పీల్చినా ఒళ్ళొస్తుంది డాక్టర్, నన్ను చూడండి” అని పొట్ట తట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నిఖిల మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చింది. “నువ్వేం దొంగతనంగా పెట్టడంలేదు గదా” అని అడిగాను. దిగ్గున లేచి కూర్చుంది. “మామ్. వై వుడ్ ఐ కిల్ హిమ్?” అడిగినందుకు నాకే సిగ్గేసింది. “అండ్ యూ? యూ వోంట్ ఫీడ్ హిమ్? ప్రామిస్?” అంది. ప్రామిస్ అన్నాను.

ఆగస్టు నడిమధ్యలో, నోరా కర్ర పట్టుకుని కిల్కెన్నీనించి తిరిగొచ్చిన మర్నాడు, మర్ఫీ నిలబడ్డ తీరు చూసి పొలంలోకి పరిగెత్తాను. ముందుకాళ్ళు ముందుకి చాపి, బరువంతా వెనక్కి వేసి, నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడింది. గిట్ట మీద చెయ్యి పెడితే పొయ్యి మీదనించి దించిన గిన్నె.

ఈఫా వచ్చేసరికి అందరం పొలంలోనే ఉన్నాం. నోరా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నిఖిల మర్ఫీ మెడ మీద తల ఆనించింది. రాజ్ ఆ రోజు ఇంట్లోనే పని కాబట్టి గేటు దగ్గర ఫోను పట్టుకుని ఉన్నాడు. ఈఫా నొప్పి తగ్గడానికి మందు ఇచ్చి, లద్ది ఎలా వేస్తోందో చూద్దామని మూలనున్న లద్దికుప్ప దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి అక్కడినించి పిలిచింది.

“లలీ, ఇదేం మొక్క? నేనెప్పుడూ చూడలేదు.”

వెళ్ళి వంగి చూశాను. పాత లద్ది వేడికి కుప్ప అంచు పొడుగునా లేత మొలకలు లేచి ఉన్నాయి. సన్నటి తీగ, నూగు, కొసకి మూడేసి ఆకులు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం సంతోషం వేసింది, పరదేశంలో మన ఊరి మనిషి ఎదురుపడ్డట్టు. అదే సంతోషంతో పైకి అనేశాను.

“ఇది ఉలవ మొక్క. మా వైపు చేలల్లో వేస్తాం.”

“ఇంగ్లీషులో ఏమంటారు?”

“హార్స్ గ్రామ్.”

అన్నాక ఆ మాట నాకే వినపడింది. గుర్రపు గింజ. ఈఫా నిటారుగా నిలబడింది. నోరా కుర్చీలోంచే అడిగింది. “గుర్రాలకి పెట్టేదా లలీ?”

పెడతారు. కానీ ఇక్కడికి ఎలా వచ్చాయి? నమలకుండా మింగిన గింజలు లద్దిలో పడి మొలిచాయి, అది తెలుస్తూనే ఉంది. ఎవరు పెట్టారు? మైథిలా, స్టూడెంట్ పిల్లలెవరన్నానా, గేటు దూకారా? నా బుర్ర ఇంకా ఊరంతా తిరుగుతూ ఉండగానే, వెనకనించి రాజ్ గొంతు వినపడింది. ఇంగ్లీషులో, తొందర లేకుండా, మెత్తగా.

“తనని ఏమీ అనకండి నోరా. వాళ్ళ ఊళ్ళో ఎడ్లకీ గుర్రాలకీ అదే పెడతారు. పేరులోనే గుర్రం ఉంది కదా. బలానికని పెట్టి ఉంటుంది. తెలియక చేసింది, పాపం.”

నేను తిరిగి చూశాను. ఆ జవాబు అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంచుకున్న చొక్కాలా ఉంది.

“నేను పెట్టలేదు” అన్నాను.

ఈఫా మొలకని పీకి, చూసి, జేబులో వేసుకుంది. నిఖిల మర్ఫీ మెడ మీదనించి తలెత్తి నా వైపు చూసింది. “యూ ప్రామిస్డ్, మామ్” అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడ్డాను. రాజ్ వచ్చి టీకి నీళ్ళు పెట్టాడు.

“డబ్బా యాడుంది?” అన్నాను.

“ఏం డబ్బా?”

“నువ్వు ఉలవలు నానబెట్టే డబ్బా.”

కెటిల్ మూత సర్దాడు. “కారులో.”

నీళ్ళు కాగి కెటిల్ దానంతటదే ఆగిపోయింది. ఆయన కప్పులు తీశాడు, నాక్కూడా ఒకటి.

“నేను దాన్ని చంపాలనుకోలా లలితా. లావు తగ్గకపోతే, ఈ మనుషులకి చేతకాదులే అని ముసలామె దాన్ని ఎవరికన్నా ఇచ్చేస్తదనుకున్నా. గుర్రం లేకపోతే పొలం ఆమెకెందుకు? డెక్లన్ అమ్మిస్తానన్నాడు. రోడ్డు పక్క ముక్క మనకిప్పిస్తానన్నాడు. ఇల్లు కట్టుకోవచ్చు. నిక్కీకి ఒక గది. ఎన్నాళ్ళని ఈ కొట్టంలో?”

“చిక్కం కూడా తీసేవాడివా?”

“పొద్దున కాసేపు. నువ్వు లేచేలోపు మళ్ళీ పెట్టేవాణ్ణి.” కప్పు నా ముందుకి జరిపాడు. “ఏంది, నన్ను నువ్వు నువ్వు అంటున్నావ్?”

“నా పేరెందుకు చెప్పావ్?”

“మరింకెవరి పేరు చెప్పను? నేనని తెలిస్తే ఆమె మనకి పొలం ఇస్తదా? డెక్లన్ సంగతీ బైటపడిద్ది. నువ్వైతే పల్లెటూరి మనిషివి, తెలీక పెట్టావనుకుంటారు. నిన్నెవరూ ఏమీ అనరు. అన్నారా, చెప్పు?”

“అనలేదు.”

“మరి?”

ఆ ‘మరి’ దగ్గర ఆయన మొహంలోకి చూశాను. ఈయనకి నా మీద కోపమూ లేదు, నాకు కీడు చెయ్యాలనీ లేదు. ఇంట్లో పాత గోనెసంచి ఒకటి ఉంటుంది, తలుపు కింద తడి రాకుండా అడ్డం వేస్తాం. నన్ను అలా వేశాడు. అది గుడ్డ పనే గదా అన్నట్టు టీ తాగుతున్నాడు.

నిఖిలకి చెప్పాను. తలుపు తియ్యకుండా లోపలినించి అంది, డాడ్ తనకి ముందే చెప్పాడట, అమ్మ సిగ్గుపడి ఎవరో ఒకరి మీద పెడుతుంది, నువ్వేమీ అనుకోకు అని. మర్నాడు నోరా దగ్గరికి వెళ్ళాను. “పెట్టింది నేను కాదు నోరా. మా ఆయన” అన్నాను. ఆవిడ నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

“నీకు తెలియదులే తల్లీ. నేనూ చిన్నప్పుడు మా నాన్న కుక్కకి చాక్లెట్ పెట్టాను. యూ ఆర్ గ్రాండ్.”

ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్ప అని కాదు. ఇక ఆ సంగతి వదిలెయ్, తలుపు వేసేద్దాం అని. చెయ్యని తప్పుకి నన్ను క్షమించేసింది. తిడితే ఎదురు తిరిగి కొట్లాడేదాన్ని. క్షమించినవాళ్ళతో ఎలా కొట్లాడాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆవిడ వంటింటి కప్‌బోర్డు, వీళ్ళ భాషలో ప్రెస్, దాని తలుపుకి నా కోసం వేలాడదీసి ఉంచే పొలం గేటు తాళంచెవి ఆ రోజు అక్కడ లేదు. డెక్లన్‌కి ఇచ్చిందట.

మర్ఫీ తేరుకోలేదు. ఈఫా మెత్తటి రంపపు పొట్టు పరిపించింది, మందులిచ్చింది, ఎక్స్‌రే తీసింది. గిట్టలోపల ఎముక కిందికి దిగిపోయిందని చెప్పింది. డెక్లన్ రెండుసార్లు వచ్చి రోడ్డు పక్క కంచె వెంబడి నడిచి చూసుకుని వెళ్ళాడు. రాజ్ అతనితో గేటు దగ్గర మాట్లాడేవాడు. “వాడు లేని పొలం నేనేం చేసుకోను” అని నోరా ఎవరితోనో ఫోనులో అనడం నేను విన్నాను.

సెప్టెంబరు మొదట్లో, ఎండ బాగా కాసిన ఒక పొద్దున, ఈఫా సూది పట్టుకుని వచ్చింది. నన్ను పిలవలేదు. నేనే వెళ్ళి గుర్రపు సాల గోడ పక్కన నిలబడ్డాను. నిఖిల బడి మానేసి వచ్చి, నాకు దూరంగా నోరా కుర్చీ పక్కన నిలబడింది. మర్ఫీ తల వేలాడేసి ఉంది. చెవులు కూడా కదలడంలేదు. కళ్ళ చుట్టూ ఈగలు, తోలుకునే ఓపిక లేదు.

“తాడు ఎవరన్నా పట్టుకోవాలి” అంది ఈఫా. “పడేటప్పుడు పక్కకి లాగాలి.”

నోరాకి కర్ర లేకుండా నిలబడ్డం రాదు. ఆవిడ నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. నేను ఒక అడుగు వేశాను. అప్పుడే రాజ్ ఆఫీసు జాకెట్టు వేసుకుని గేటు తెరుచుకుని వచ్చాడు.

“నేను పట్టుకుంటాను నోరా. మావాళ్ళలో ఆడవాళ్ళు ఇలాంటివి చూడరు” అన్నాడు. నా దగ్గరికి వచ్చి తెలుగులో, “నువ్వు చూడలేవు, లోపలికి పో లలితా” అన్నాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది.

నోరా తలూపింది. రాజ్ వెళ్ళి తాడు అందుకున్నాడు.

మర్ఫీ చెవులు లేచాయి. పొద్దుటినించి ఎత్తని తల ఎత్తి, ముక్కుపుటాలు విప్పి, లోగొంతులో గురగురమంది. మేతకి పిలిచే గొంతు అది. నా కోసం ఎప్పుడూ అలా పలకలేదు. నిలబడలేని కాళ్ళ మీదే ఒక అడుగు ముందుకేసి, రాజ్ జాకెట్టు కుడి జేబులో మూతి దూర్చింది. పెదాలతో జేబు అంచు పట్టుకుని లాగింది. ఏమీ దొరక్క ఎడమ జేబు చూసింది. మళ్ళీ కుడివైపు వచ్చింది. రాజ్ మోచేత్తో దాని మొహాన్ని అవతలికి నెట్టాడు. అది అలవాటైన ఆటే అనుకుని ఇంకా గట్టిగా దూర్చింది.

ఈఫా సూది పైకెత్తి పట్టుకుని అలాగే ఆగిపోయింది. నిఖిల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల వేసవంతా ఆ గుర్రంతోనే గడిపింది, గుర్రం ఎవరి జేబు వెతుకుతుందో దానికి ఒకరు చెప్పక్కర్లేదు.

“నీ జేబులో ఏముంది రాజ్?” అని అడిగింది నోరా.

“ఏమీ లేదు.” రెండు జేబులూ బైటికి తీసి చూపించాడు. నిజంగానే ఏమీ లేదు.

“వాడికి తెలియదుగా ఆ సంగతి” అంది నోరా. కర్ర నేలకి ఆనించి, ఎవరూ పట్టుకోకుండా, చాలాసేపు పట్టినా తనంతట తనే లేచి నిలబడింది. “తాడు లలీకి ఇవ్వు.”

ఆయన కదల్లేదు. నేనే వెళ్ళి ఆయన చేతిలోంచి తీసుకున్నాను. తాడు వెచ్చగా ఉంది. ఈఫా దగ్గరికి వచ్చింది. నేను రెండో చేత్తో మెడ పట్టుకున్నాను. నా చేతిలో తాడు నా వైపు ఉంది గాని, మర్ఫీ మెడ మాత్రం ఇంకా ఆయన వైపే చాపి ఉంది.